రెండో గోడౌన్

ఈమధ్య బెలూన్ల నాణ్యత బాగా పడిపోయింది. మా చిన్నప్పుడు బెలూన్ అంటే రెండు ఊదులకు ఉబ్బి, మూడో ఊదుకు పగిలి, పిల్లల్ని ఏడిపించి తన పని ముగించుకునేది. ఇప్పటివి సైకిల్ ట్యూబులు కోసి చేస్తున్నారేమో తెలియదు. మా అక్క మనవరాలి పుట్టినరోజునాడు, బరంపురంలో వాళ్ళ డాబా మీద, నాకొక ఎర్ర బెలూన్ అప్పగించారు. దానితో చాలాసేపు పోరాడాను. అది గెలిచింది. నేను డాబా గోడకు చేరబడి, ఎండ ఎక్కువగా ఉందని నలుగురికీ చెప్పాను. అప్పటికి సూర్యుడు అస్తమించి కాసేపైంది.

మర్నాడు బెలూన్లు కొన్న దుకాణానికి వెళ్ళి, రబ్బరు మందం గురించి ఫిర్యాదు చేశాను. దుకాణదారు అదే ప్యాకెట్లోంచి ఒకటి తీసి, నా మొహంలోకి చూస్తూ ఒక్క ఊపిరితో దాన్ని పుచ్చకాయంత చేసి నా చేతిలో పెట్టాడు. నా ఊపిరితిత్తులకు జరిగిన మొట్టమొదటి పరీక్ష అదే. ఫలితాన్ని నేను ఒప్పుకోలేదు.

ఇప్పుడు మేడ మెట్లు ఆగకుండా ఎక్కి, పైన నిలబడి మాట్లాడగలుగుతున్నాను. చిన్న వాక్యాలే అనుకోండి. ఈ సంగతులు రాయడానికి కారణాలు రెండు. ఒకటి, జరిగిందంతా వరసగా పెట్టుకుంటే భయం కొంచెం చిన్నదిగా కనిపిస్తుందని. రెండోది, నాలాగే ఏ డాక్టరు గదిలోనో కూర్చుని సగం నిజం చెబుతున్నవాళ్ళు ఎక్కడైనా ఉంటారని.

మొదటి ఎండాకాలం

మాది పప్పుల టోకు వ్యాపారం. తాతల కాలంలో వచ్చి బరంపురంలో స్థిరపడ్డ వైశ్య కుటుంబం. ఇంట్లో సగం తెలుగు, సగం ఒడియా. కోపమొస్తే మాత్రం పూర్తిగా తెలుగు. దుకాణం బోర్డు మీద పప్పుల పేర్లన్నీ ఉంటాయి. బోర్డు మీద లేనిది రెండో గోడౌన్. అది ఊరి బయట, ఛత్రపురం వెళ్ళే దారిలో ఉంది. అక్కడ కోళ్ళ దాణా కలుపుతాం. దాణా అంటే మొక్కజొన్న, తవుడు, సోయా పిప్పి, వాటితో పాటు ఎండు చేప పొడి. మనుషులు తినని చిన్న చేప రామయ్యపట్నం నుంచీ మార్కండి నుంచీ గోతాల్లో వస్తుంది. నిజం చెప్పాలంటే మా ఇల్లు పప్పుల మీద కంటే ఆ చేప మీదే ఎక్కువ నిలబడి ఉంది.

మా అమ్మ మడి మనిషి. ఉల్లిపాయను కూడా వంటింటి గడప దాటనివ్వదు. చేప సంగతి ఆవిడకు చెప్పకూడదని మా నాన్న ఆ వ్యాపారం మొదలుపెట్టిన రోజే నిర్ణయమైపోయింది. నిర్ణయం అనడం కూడా పెద్ద మాటే. ఎవరూ ఎవరితోనూ అనలేదు. ఇంట్లో ఆ మాట వాడలేదు, అంతే. అక్కడినుంచి వచ్చిన మగవాళ్ళం పెరటి దారిన వచ్చి, కుళాయి దగ్గర తలస్నానం చేసి, ఆరేసిన బట్టలు కట్టుకుని లోపలికి వెళ్ళేవాళ్ళం. "మా ఇంటి మగోళ్ళకున్న ఆచారం ఇంకెవరికీ లేదమ్మా" అని అమ్మ పేరంటాల్లో చెబుతుంటే మేం తలలు వంచుకునేవాళ్ళం. చూసినవాళ్ళు వినయమనుకునేవారు.

నాన్న రోజుల్లో ఆ చేప ఎక్కడో పొడై, మూతి కుట్టిన బస్తాల్లో వచ్చేది. కామర్స్ డిగ్రీ ఉన్న కొడుకుగా నేను వ్యాపారాన్ని ఆధునికం చేశాను. పొడికొట్టే మిషను మన గోడౌన్లోనే పెట్టించాను. నా చదువు వ్యాపారానికి ఉపయోగపడ్డ సందర్భం అదొక్కటే.

మిషను వచ్చిన ఏడాదికి నాకు దగ్గు వచ్చింది. ఆ రెండింటినీ కలిపి ఒక వాక్యంలో పెట్టడానికి ఇంతకాలం పట్టింది.

దగ్గు పగలు పెద్దగా ఉండేది కాదు. గోడౌన్ నుంచి ఇంటికొచ్చి, స్నానం చేసి, భోంచేసి కూర్చున్నాక మొదలయ్యేది. దానితో పాటు చలి, ఒళ్ళునొప్పులు, కొద్దిగా జ్వరం. తెల్లారేసరికి పోయేది. అందుకని అందరి అనుమానం ఇంటి మీద పడింది. మా ఆవిడ లలిత పెరుగు మానిపించింది. అమ్మ తలస్నానం మానమంది. రమణ బావ, అంటే మా అక్క భర్త, రెండు వ్యాపారాల్లోనూ నా భాగస్తుడు, గ్యాస్ అన్నాడు. మా బావ దృష్టిలో మోకాళ్ళ నొప్పి కూడా గ్యాసే.

వానలు

ఛాతీ డాక్టరు దగ్గర హాల్లో ఇనుప కుర్చీలు ఒకదానికొకటి అతికి ఉంటాయి. చివర కూర్చున్నవాడు దగ్గితే ఇవతలి చివర ఉన్నవాడు కదులుతాడు. గోడకు టీవీ, అందులో ఒడియా సీరియల్, శబ్దం ఉండదు. వారాల తరబడి చూసి ఆ కథ నేనే అల్లుకున్నాను. నా కథలో అత్తగారు మంచిది.

ఎక్స్‌రే గదిలో అబ్బాయి "గాలి పీల్చి పట్టుకోండి" అన్నాడు.

"పట్టుకునేంత ఉంటే ఇక్కడికెందుకొస్తాను బాబూ" అన్నాను.

నవ్వలేదు. నేను నవ్వబోతే దగ్గొచ్చింది. ఆ రోజుల్లో నా జోకులన్నీ నాకే తగిలేవి.

డాక్టరుగారు పెద్దాయన, ఒడియా ఆయన. ఫిల్ము వెలుగుకు ఎత్తిపట్టి చూసి "కిచ్ఛి నాహిఁ" అన్నారు. ఏమీ లేదని అర్థం. ఏమీ లేనిదానికి మందులు రాశారు. తగ్గలేదు. ఇంకో ఫిల్ము తీయించారు. ఈసారి "కిచ్ఛి నాహిఁ" అనలేదు. అన్నప్పటికంటే అనకపోవడమే ఎక్కువ భయపెట్టింది. కఫంలో క్షయ కనబడలేదు గానీ, మన దేశంలో దగ్గే మనిషిని చూస్తే ముందు ఆ అనుమానమే కదా. ఎందుకైనా మంచిదని ఆ మందులు మొదలుపెట్టారు. మూత్రం ఎర్రగా, అన్నం చేదుగా మారాయి. జ్వరం మాత్రం వేళ తప్పలేదు.

పప్పులమ్మే ఇంట్లో ఆ జబ్బు ఉందని బయటికి పొక్కితే చాలు. అందుకని అడిగినవాళ్ళకు "అలర్జీ" అని చెప్పుకున్నాం. అది తర్వాత నిజానికి చాలా దగ్గరగా వచ్చింది. మా ఇంట్లో అబద్ధాలకు అలాంటి అదృష్టం ఉంది.

దుకాణంలో కూర్చోలేకపోయేవాణ్ణి. వచ్చేవాళ్ళంతా "ఏటి శీనుబాబూ, ఇలా అయిపోయేరు" అంటుంటే జవాబు చెప్పే ఊపిరి లేదు. అప్పుడు రమణ బావే ఒక ఏర్పాటు చేశాడు.

"నువ్విక్కడ కూకోకు బావా. జనాల్తో వాగలేవు. రెండో గోడౌన్లో మంచం ఏయించేను, ఫేను పెట్టించేను. అక్కడికెల్లి పడుకో. మిషన్ని ఆళ్ళు సూసుకుంటారు, నువ్వు ఊరికే కంటికి కనబడు సాలు."

నా బాగు కోరి చెప్పిన మాట. నేనూ ఎంతో సంతోషించాను. పరామర్శలు లేవు, ప్రశ్నలు లేవు. మిషను చప్పుడు జోలపాటలా ఉండేది. ఫ్యాను తిరుగుతుంటే గాల్లో సన్నటి బూడిదరంగు పొడి ఎండపొడలో మెరుస్తూ దిగేది. దాన్ని చూస్తూ హాయిగా నిద్రపోయేవాణ్ణి.

ఇంటికొచ్చి స్నానం చేశాక ఒళ్ళు వణికేది.

కార్తీకం

బరువు తగ్గిపోయాను. పంచె నడుము దగ్గర నిలవడం మానేసింది. వైజాగ్ తీసుకెళ్ళాలని లలిత పట్టుబట్టింది. బరంపురంలో తేలని జబ్బులన్నీ పొద్దుటి రైలెక్కి వైజాగ్ వెళతాయి. ఇచ్ఛాపురం దాటాక ఆ పెట్టెలో సగం మంది చేతుల్లో ఎక్స్‌రే కవర్లు కనబడతాయి. పలాస దగ్గర నేను నిలబడి ఊపిరి కోసం వెతుక్కుంటుంటే, ఎవరో పెద్దావిడ తన కిటికీ సీటు ఖాళీ చేసి, ఏమీ అడక్కుండా విసనకర్ర నా ఒళ్ళో పడేసి వెళ్ళి తలుపు దగ్గర కూర్చుంది. జీడిపప్పు బుట్టలామె. శ్రీకాకుళం రోడ్డులో దిగిపోయింది. విసనకర్ర నా దగ్గరే ఉండిపోయింది.

అమ్మ కూడా వచ్చింది. బయటి తిండి తినదు కనక స్టవ్వు, బియ్యం, పప్పులు, నీళ్ళ బిందెతో సహా వచ్చింది. ఆస్పత్రి ఎదురుగా ఒక లాడ్జిలో ఆవిడ వంట మొదలుపెడితే మిగతా గదుల్లోని రోగుల బంధువులు గిన్నెలతో వచ్చేవారు. నాకు ఊపిరి అందకపోవడం వల్ల కనీసం వాళ్ళకు మంచి చారు అందింది.

అక్కడి డాక్టరమ్మ వయసులో చిన్నది. స్కాన్ తీయించి చాలాసేపు చూసింది. "ఇది క్షయ కాదండీ. ఊపిరితిత్తులు దేనిమీదో అలిగాయి. మీరు రోజూ పీలుస్తున్నదేదో వాటికి పడట్లేదు. అదేమిటో తెలియకపోతే నేనెన్ని మందులిచ్చినా ఉపయోగం లేదు. ఇప్పటికే కొంత భాగం గట్టిపడింది. గట్టిపడింది మళ్ళీ మెత్తబడదు. మిగిలింది కాపాడుకోవాలి" అంది.

అప్పటిదాకా నాకు భయమంటే జ్వరమే. ఆ వేళ గదిలోంచి బయటికొస్తూ మొదటిసారి, మిగిలింది ఎంతో అని ఆలోచించాను.

తర్వాత ప్రశ్నలు మొదలయ్యాయి. మా కుటుంబంలో డాక్టరు రోగిని అడిగితే జవాబు రోగి చెప్పే పద్ధతి లేదు. నలుగురం వెళతాం, నలుగురూ చెబుతారు.

"ఏం పని చేస్తారు?"

"పప్పులండీ. హోల్‌సేల్" అన్నాడు రమణ బావ.

"పప్పు దుమ్ము వస్తుందా?"

"మాది పాలిష్ సరుకండీ. దుమ్మే ఉండదు."

"ఇంట్లో కోళ్ళు గానీ, పక్షులు గానీ?"

అమ్మ చెవులు మూసుకున్నంత పని చేసింది. "రామ రామ! మాది అలాటి ఇల్లు కాదమ్మా" అంది. తర్వాత కాసేపటికి నీళ్ళు తెస్తానని లేచి బయటికి వెళ్ళింది. ఆస్పత్రి గదుల్లో అమ్మకు మాటిమాటికీ దాహం వేసేది.

"కూలరు? పాత దూది పరుపులు? గోడల మీద బూజు? పక్కింట్లో పావురాలు?"

పావురాలు అనగానే మేమందరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. దొంగ దొరికాడు. మా పక్కింట్లో మిశ్రా మాస్టారు రిటైరైన నాటినుంచీ డాబా మీద పావురాలు పెంచుతున్నారు.

మీరు అడగబోయేది నాకు తెలుసు. అప్పుడైనా చెప్పొచ్చు కదా అని. కోళ్ళున్నాయా అని అడిగారు, లేవన్నాం. చేప మాట ఎవరూ అడగలేదు. ఆ మాట అనకుండా బతకడం మాకెంత అలవాటైపోయిందంటే, దాచిపెడుతున్నామన్న సంగతి కూడా గుర్తుండేది కాదు. పైగా మా నాన్న ఆ గోడౌన్లో ఏళ్ళ తరబడి తిరిగి ఒక్కసారీ దగ్గలేదు. ఆయన దగ్గర మిషను లేదన్న ఆలోచన నాకు రాలేదు.

ఆస్పత్రిలో పెట్టిన రోజుల్లో నా జ్వరం పోయింది. మెట్లెక్కాను. సముద్రం గాలి పడిందన్నాడు బావ. వైజాగ్‌లో ఫ్లాట్ల గురించి వాచ్‌మన్‌ను వాకబు చేశాడు.

చలికాలం

ఇంటికొచ్చాం. కూలరు అమ్మేశాం. పరుపులు దానమిచ్చాం. గోడలకు సున్నం వేయించాం. మిశ్రా మాస్టారి దగ్గరికి లలిత వెళ్ళింది, ఎలా అడగాలో తెలియక గుమ్మంలో నిలబడి ఏడ్చింది. ఆయన మొత్తం విని "దీనికా ఏడుస్తారమ్మా" అని, ఆ వారంలోనే పావురాలన్నిటినీ బుట్టల్లో పెట్టి బస్సులో పాత్రపూర్‌లో ఉన్న చెల్లెలి ఇంటికి తీసుకెళ్ళి దింపి వచ్చారు. ఆయన బస్సు దిగేసరికి వాటిలో కొన్ని డాబా మీద ఆయన కోసం ఎదురుచూస్తున్నాయి. వాటిని మళ్ళీ పట్టుకుని, ఈసారి ఇంకా దూరం పంపారు. ఖాళీ గూళ్ళను ఆయనే విప్పేసి, కట్టెలు దొంతరగా పేర్చారు. పొద్దున్నే డాబా మీదికి వచ్చి, చేతిలో గింజలేమీ లేకుండా కాసేపు నిలబడి దిగిపోయేవారు.

నాకు దగ్గు మళ్ళీ మొదలైంది. గోడౌన్లో మంచం ఇంకా అక్కడే ఉంది మరి.

వాస్తు ఆయన్ను పిలిచాం. ఆయన ఇల్లంతా తిరిగి, నా మంచం తప్పు మూలలో ఉందన్నాడు. మంచం మార్చాం. కొత్త మూలలో కూడా నేనే పడుకున్నాను కనక దగ్గు దారి తప్పలేదు. ఇంట్లో మాటలు తగ్గాయి. లలిత అమ్మ మీద విసుక్కోవడం, అమ్మ గిన్నెల మీద విసుక్కోవడం. మా అక్క వచ్చి తన మొగుణ్ణి నా ముందే తిట్టింది. "నీ ఆరోగ్యం నిచ్చింతగా ఉంది కదా, నువ్వు సూసుకో యాపారం. ఆణ్ణి ఒగ్గీ." బావ పాపం, నా మందుల సంచి తీసి, రేపటివి రేపటికి వేరుచేసి పెట్టడం మొదలుపెట్టాడు.

ఒకరోజు స్నానాల గది నుంచి మంచం దాకా రావడానికి మధ్యలో కూర్చోవలసి వచ్చింది. నేల మీదే. లలిత వచ్చి పక్కన కూర్చుంది. లేపలేదు. ఇద్దరం గోడకు ఆనుకుని, అదేదో మామూలుగా కూర్చునే చోటైనట్టు కూర్చున్నాం.

"బాగానే ఉంది ఇక్కడ. గాలి కూడా వస్తోంది" అన్నాను.

"జోకులొద్దు. నాకు భయమేస్తంది" అంది.

నాకూ వేస్తోంది. ఆ సంగతి జోకుగా ఎలా చెప్పాలో తోచలేదు.

మళ్ళీ వైజాగ్. డాక్టరమ్మ కొత్త స్కాన్‌ను పాతదాని పక్కన పెట్టింది. కిందటిసారి ఆస్పత్రిలో తగ్గి ఇంటికెళ్ళాక ఎందుకు పెరిగిందని అడిగింది. పావురాలు పోయాయి, కూలరు పోయింది అని బావ లెక్క చెప్పాడు. "అయితే ఛాతీ తెరిచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుదాం" అంది. తెరవడం అనగానే అమ్మ లేచి బయటికి వెళ్ళిపోయింది. సంతకాలకని బావను కింది అంతస్తుకు పంపారు. నన్ను చక్రాల కుర్చీలో వరండాలోకి తోశారు. తలుపు సగం తెరిచే ఉంది. లోపల లలిత ఒక్కతే మిగిలింది.

"మేడమ్, మీరు కిందటిసారి కోళ్ళున్నాయా అని అడిగారు" అంది లలిత.

"అవును."

"కోళ్ళు లేవండి. కోళ్ళు తినేది ఉంది."

వరండాలో నాకు ఉన్న కాస్త ఊపిరీ ఆగింది. లలిత ఆగలేదు. మిషను, చేప పొడి, మంచం, ఫ్యాను, పెరటి స్నానం, స్నానం తర్వాత జ్వరం. పెళ్ళయిన నాటినుంచీ మా ఇంట్లో అననిదంతా ఒక్క గుక్కలో చెప్పింది. చివర్న "మాయత్తగారికి సెప్పకండి మేడమ్" అంది.

డాక్టరమ్మ బయటికొచ్చి నా ముందు వంగి, "ఇది చాలా అరుదండీ. పుస్తకంలో చేప పొడి గురించి ఒక్క వరుస ఉంటుంది. ఆ వరుస నా ఎదురుగా వచ్చి కూర్చుంటుందని నేననుకోలేదు. ఇన్ని నెలలుగా మీరు కూర్చున్నారు" అంది. కోపంగా అనలేదు. అలసటగా అంది. "కోత ఇప్పుడొద్దు. ముందు ఆ గోడౌన్ మానెయ్యండి. అదే పరీక్ష, అదే మందు."

మళ్ళీ ఎండలు

అది ఒక్కటే మందు కాదులెండి. స్టెరాయిడ్లు కూడా ఇచ్చారు. వాటి పుణ్యమా అని మొహం గుమ్మడికాయైంది. బంధువులు చూసి "బాగా కోలుకున్నావ్" అన్నారు. ఎప్పుడూ ఆకలి, ఎప్పుడూ చిరాకు. ఆక్సిజన్ మిషను గొట్టం ముక్కుకు పెట్టుకుని ఇల్లంతా తిరుగుతుంటే తాడు కట్టిన దూడలా ఉండేవాణ్ణి. కానీ జ్వరం రాలేదు. ఒక సాయంత్రం రాలేదు, ఇంకో సాయంత్రం రాలేదు. లలిత థర్మామీటర్ పట్టుకుని ఎదురుచూసి, ఎదురుచూసి, ఒకరోజు దాన్ని ఎక్కడో పెట్టి మరిచిపోయింది. మా ఇంట్లో ఆ ఏడాది జరిగిన శుభకార్యం అదే.

గట్టిపడిన భాగం అలాగే ఉంటుంది. నేను ఇక పరుగెత్తను. మునుపు పరుగెత్తేవాణ్ణని కాదు.

మిశ్రా మాస్టారికి నేనే వెళ్ళి చెప్పాను. ఆయన తప్పేమీ లేదనీ, పావురాల తప్పు అసలే లేదనీ. మధ్యమధ్య ఆగి, ఊపిరి తీసుకుంటూ. ఆయన కట్టెల దొంతర వైపు చూసి "పావురాలు ఒచ్చీస్తాయి బాబూ. మీరొచ్చేరు, అది సాలు" అని టీ పెట్టించారు.

మిగిలింది అమ్మ. గోడౌన్ మూసేయాలంటే కారణం చెప్పాలి. చెప్పకుండా ఉండే మార్గం రమణ బావ ఆలోచించి ఉంచాడు.

"కందిపప్పు దుమ్ము పడట్లేదని సెప్పీ."

"అప్పుడు పప్పుల దుకాణం మూసి గోడౌన్ తెరిచి ఉంచాలి బావా."

"అదీ నిజమే" అని బావ మళ్ళీ ఆలోచనలో పడ్డాడు.

"ఇంకెన్నాళ్ళు? మీరు సెప్తారా, నన్ను సెప్పమంటారా?" అంది లలిత. ఆవిడ చెప్పడం ఏమిటో నేను ఒకసారి విన్నాను కనక నేనే చెబుతానన్నాను.

మధ్యాహ్నం భోజనాలయ్యాయి. అమ్మ పెరటి వసారాలో చాప మీద కూర్చుని చింతపండులో పిక్కలు తీస్తోంది. గొట్టం అంతవరకూ రాలేదు. తీసేసి వెళ్ళి మెట్టు మీద కూర్చున్నాను. ఊపిరితిత్తులున్న మనిషికి కూడా కష్టమైన పనే అది.

"అమ్మా, రెండో గోడౌన్ మూసేస్తున్నాం."

"మంచిది."

"ఎందుకో అడగవా?"

"సెప్పు."

"అందులో మనం... కోళ్ళ దాణాలో కలపడానికని..."

"సేపలు" అంది అమ్మ.

ఆ మాట అమ్మ నోట వినడం అదే మొదలు. చింతపండులోంచి చెయ్యి తీయలేదు. వెనక గుమ్మంలో లలిత, ఆవిడ వెనక రమణ బావ.

"నీకు తెలుసా?"

"మీ నాన్నతో కాపరం సేసేన్రా నేను. మొగోడు రోజూ పెరట్లో నీల్లోసుకుని లోనికొస్తే ఆచారమనుకోడానికి నేనేటి నిన్న పుట్టేనా?"

"మరెప్పుడూ అడగలేదే?"

"అడిగితే మీరు సెప్పాల. సెప్తే నేను మానమనాల. మానితే ఏటి తిందుం?"

బావ గుమ్మంలోంచి మెల్లిగా వెనక్కి తగ్గబోయాడు. "నువ్వెక్కడికెల్తావు బాబూ, ఉండు" అంది అమ్మ, అటు తిరక్కుండానే. ఆయన ఉండిపోయాడు.

"అది కాదమ్మా, నీకు బాధ కలుగుతుందని..."

"నా బాద నేను పడతాను. ఆ డాక్టరమ్మ అడుగుతుంటే నేను ఎన్నిమాట్లు బయటికెల్లేను? దాహమేసి ఎల్లేననుకున్నావా? నేను లేపోతే ఒక్కడైనా నోరిప్పుతాడని ఎల్లేను. అన్ని నెలలూ ఎల్లేను. ఎల్లి ఆ మెట్ల కాడ నిలబడి దండాలెట్టుకున్నాను. లోపలినుంచి వస్తే మల్లీ పప్పులే, పప్పులే." ఒక పిక్క తీసి పళ్ళెంలో పడేసింది. అప్పుడు తలెత్తి, ముందు నన్ను, తర్వాత గుమ్మంలో ఉన్న బావను చూసింది.

"నాకు సెప్పనేదు, సరే. నేను మడి మనిషిని. ఆ డాక్టరమ్మ కూడా మడి కట్టుకుని కూకుందేట్రా?"